వాయించాక చూడండి: స్కూల్లో వాద్యాలు నేర్పడానికి ఇంటరాక్టివ్ టెక్నాలజీ (ప్రసంగ పాఠం)

(ఆరోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం, మిగతాదంతా ప్రసంగించిన మ్యూజిక్ టీచర్ మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం అండీ. వెనక వరసలో వాళ్ళకి వినపడుతోందా? వినపడుతోందా? సరే. మైక్ కొంచెం పక్కకి జరుపుతాను, మధ్యలో వయొలిన్ వాయించి చూపించాల్సి వస్తుంది.

మొదలుపెట్టే ముందు ఒక ప్రశ్న. మీలో ఎంతమంది ఫోన్లో ట్యూనర్ యాప్ ఉంది, అదే, వాయించిన స్వరం శృతిలో ఉంటే ముల్లు పచ్చలోకి, తప్పితే ఎరుపులోకి వెళ్ళేది? చేతులెత్తండి. దాదాపు అందరికీ ఉంది. ఇంకో ప్రశ్న. పిల్లలు వాయిస్తున్నప్పుడు ఆ ట్యూనర్ ని వాళ్ళ ఎదురుగా స్టాండ్ మీద పెట్టేవాళ్ళు ఎంతమంది? సగానికి పైనే ఉన్నారు. నేనూ పెట్టేదాన్ని, చాలా ఏళ్ళు పెట్టాను. ఇవాళ నేను చెప్పబోయేది ఎక్కువగా ఆ స్టాండ్ గురించే.

మా క్లాసులో ఒక పాప ఉండేది. వయొలిన్ మొదలుపెట్టి నాలుగు నెలలైంది. రోజూ ఇంట్లో యాప్ పెట్టుకుని సాధన చేసేది, ఒక్కరోజు కూడా మానేది కాదు, యాప్ లో చూస్తే అన్నీ పచ్చగానే ఉండేవి. నాకూ సంతోషంగా ఉండేది. ఒకరోజు పక్కన కూర్చుని కాస్త జాగ్రత్తగా విన్నాను. ప్రతి స్వరం ముందూ ఒక చిన్న జారుడు. మూడో వేలు కొంచెం కిందగా పడుతుంది, కళ్ళు ఫోన్ మీదకి వెళ్తాయి, వేలు మెల్లగా పైకి పాకుతుంది, ముల్లు పచ్చలోకి రాగానే ఆగుతుంది. మళ్ళీ తర్వాతి స్వరం, మళ్ళీ అదే. చాలా చిన్న జారుడండీ, దూరం నుంచి వింటే తెలియదు కూడా.

నేను ఏం చేశానంటే, నోట్‌బుక్ ఒకటి తీసి ఫోన్ మీద కప్పేశా. "ఇప్పుడు వాయించమ్మా" అన్నాను. నాలుగు స్వరాలు వాయించి బో, అంటే కమాను, ఆపేసింది. "టీచర్, ఇది కరెక్టేనా?" అంది. "నీకేమనిపిస్తోంది నాన్నా?" అన్నాను. తను నా వైపు చూడలేదు, వయొలిన్ వైపూ చూడలేదు, ఆ నోట్‌బుక్ వైపు చూసింది.

నాలుగు నెలలు. ఆ పిల్ల నాలుగు నెలలు కష్టపడింది. కానీ నేర్చుకున్నదేంటి? ముల్లుని పచ్చలోకి తీసుకురావడం నేర్చుకుంది. శృతిలో వాయించడం నేర్చుకోలేదు. రెండూ ఒకటే అనుకున్నాం మనం. ఒకటి కాదండీ.

అయితే నేను టెక్నాలజీ వద్దు అని చెప్పడానికి రాలేదు, ఇది ముందే చెప్పేస్తున్నా. నా క్లాసులో రోజూ వాడతాను, అది లేకపోతే కొన్ని పనులు నాకు కుదరవు. ముప్పై మంది పిల్లలు, వారానికి ఒకటో రెండో పీరియడ్లు, ఒక్క టీచర్. ఒక్కొక్కరికీ ఎన్ని నిమిషాలు వస్తాయో మీకు నేను లెక్క చెప్పక్కర్లేదు. క్లాసుకీ క్లాసుకీ మధ్య ఆరు రోజులు ఆ పిల్లాడు ఒంటరిగా ఉంటాడు. తప్పు వాయిస్తే ఆరు రోజులు ఆ తప్పునే గట్టిపరుచుకుంటాడు. ఆ ఆరు రోజుల్లో వినే చెవి ఇంకొకటి ఉంటే ఎంత బాగుంటుంది! అందుకే ఈ యాప్ లు వచ్చాయి, అందుకే మనందరం వాడుతున్నాం. ఎప్పుడు చూపించాలి, ఎప్పుడు దాచాలి అన్నదే నా గోల.

కొంచెం వెనక్కి వెళ్దాం. సంగీతం నేర్పడానికి యంత్రాలు వాడటం కొత్తేమీ కాదు. లయ కోసం టిక్ టిక్ అని కొట్టే మెట్రోనోమ్ సంగతే చూడండి, 1814 లో ఆమ్‌స్టర్‌డామ్ లో వింకెల్ అనే ఆయన కనిపెట్టాడు, మరుసటి ఏడాది మెల్జెల్ దాన్ని మార్చి పేటెంట్ తీసుకున్నాడు, పేరు ఈయనకే వచ్చింది. బీతోవెన్ తన రచనలకి మెట్రోనోమ్ అంకెలు కూడా వేశాడు. తర్వాత గ్రామఫోన్ రికార్డులు వచ్చాయి. జపాన్ లో సుజుకి గారు చిన్నపిల్లలకి వయొలిన్ నేర్పే పద్ధతిలో రికార్డు వినడం అన్నదాన్ని పునాదిగా పెట్టారు, పిల్లలు మాటలు ఎలా నేర్చుకుంటారో సంగీతం కూడా అలాగే విని విని నేర్చుకోవాలని. 1950 లో అమెరికాలో మ్యూజిక్ మైనస్ వన్ అని ఒక కంపెనీ మొదలైంది, అన్ని వాద్యాలూ ఉంటాయి, ఒక్క వాద్యం ఉండదు, ఆ ఒక్కటి మనం వాయించుకోవాలి.

వీటన్నిటికీ ఒక లోటు ఉంది. ఏంటది? అవి మాట్లాడతాయి, వినవు. రికార్డు తన దారిన తను పోతుంది. పిల్లాడు ఒకచోట తడబడితే ఆగదు. మెట్రోనోమ్ కూడా అంతే, టిక్ టిక్ అని కొడుతుంది, నువ్వు ఎక్కడున్నావో దానికి తెలియదు.

వినే యంత్రం ఎప్పుడొచ్చింది? 1984 లో పారిస్ లో జరిగిన కంప్యూటర్ మ్యూజిక్ సదస్సులో ఇద్దరు, రోజర్ డానెన్‌బర్గ్, బ్యారీ వెర్కో, ఎవరికి వాళ్ళు విడివిడిగా ఒకటే విషయం చూపించారు. మనిషి వాయిస్తుంటే కంప్యూటర్ వింటూ, నోటేషన్ లో ఆ మనిషి ఎక్కడున్నాడో కనిపెడుతూ, పక్కవాద్యం వాయిస్తుంది. మనిషి నెమ్మదిస్తే అదీ నెమ్మదిస్తుంది. స్కోర్ ఫాలోయింగ్ అంటారు దీన్ని. ఇవాళ పిల్లలు వాడే చాలా యాప్ లలో, తప్పు వాయిస్తే ఆగి ఎదురుచూసే ఆ తెర వెనక ఉన్నది ఈ ఆలోచనే. తర్వాత 2000ల మొదట్లో యూరప్ లో ఇమ్యుటస్ అని ఒక ప్రాజెక్ట్ నడిచింది, రికార్డర్ నేర్పడానికి, అంటే పిల్లలు ఊదే ఆ చిన్న పిల్లనగ్రోవి లాంటిది. పిల్లాడు ఊదింది కంప్యూటర్ విని, నోటేషన్ తో పోల్చి, ఎక్కడ తప్పిందో చెప్పాలి, అదీ వాళ్ళ ప్రయత్నం.

సరే. అది వింటుంది అంటున్నాం కదా, ఎలా వింటుంది? టీచర్లకి ఇది కొంచెమైనా తెలియాలి అని నా పట్టుదల. ఎందుకంటే పిల్లాడు వచ్చి "టీచర్, నేను కరెక్టుగా వాయించా, యాప్ తప్పంటోంది" అంటే మనం ఎవరి పక్షాన నిలబడాలి?

స్వరం అంటే గాలి ఒకే తీరుగా మళ్ళీ మళ్ళీ కదలడం. 440 సార్లు సెకనుకి కదిలితే దాన్ని ఎ అంటున్నాం, 1955 లో అంతర్జాతీయ ప్రమాణంగా పెట్టుకున్నారు. యంత్రం ఏం చేస్తుందంటే ఆ అలలో ఒక ముక్క తీసుకుని, దాన్ని దానిమీదే కొంచెం కొంచెం జరుపుతూ పెట్టి, ఎక్కడ మళ్ళీ అతుకుతుందో చూస్తుంది. అతికిన చోట ఒక చుట్టు పూర్తయిందని లెక్క. అంటే కనీసం ఒకటి రెండు చుట్లు వినకుండా అది ఏమీ చెప్పలేదు. వయొలిన్ కింది తీగ జి, సెకనుకి 196, ఒక చుట్టు అయిదు మిల్లీసెకన్లు. తేలిక. గిటార్ కింది తీగ అయితే 82, ఒక చుట్టుకి పన్నెండు మిల్లీసెకన్లు. బేస్ గిటార్ కింది తీగ 41, ఇరవై నాలుగు మిల్లీసెకన్లు, రెండు చుట్లు వినేసరికి దాదాపు యాభై. అందుకే బేస్ వాయించే పిల్లాడికి తెర ఎప్పుడూ కొంచెం ఆలస్యంగా స్పందిస్తుంది. పిల్లాడేమో తనే ఆలస్యం అనుకుని తొందరపడతాడు. ఆ తప్పు పిల్లాడిది కాదు, ఆ లెక్కది.

ఇంకోటి, ఒక్కోసారి అష్టకం తేడా వస్తుంది, అంటే కింది సా కీ పై సా కీ ఉన్నంత తేడా. పై స్వరం వాయిస్తే కింది అష్టకంలో అదే స్వరం అని చూపిస్తుంది. రెండు చుట్లని ఒక చుట్టు అనుకుంటుంది కాబట్టి.

బి ఫ్లాట్ క్లారినెట్ వాయించే పిల్లలు ఎవరికైనా ఉన్నారా? ఉన్నారు కదా. పుస్తకంలో సి అని ఉంటుంది, పిల్లాడు సి వేళ్ళే వేస్తాడు, ట్యూనర్ బి ఫ్లాట్ అని చూపిస్తుంది. ఆ పిల్లాడి మొహం చూడాలి మీరు. సరిగ్గా వాయించాడు పాపం, ఆ వాద్యంలో సి అని రాసింది పలికేది బి ఫ్లాట్ గానే. యాప్ సెట్టింగ్స్ లో వాద్యం పేరు మార్చాలి, అంతే. కానీ ఎవరూ చెప్పకపోతే ఆ పిల్లాడు వారమంతా వేళ్ళు మార్చి మార్చి చూస్తాడు.

ఇంకా సున్నితమైన విషయం ఒకటి ఉంది, ఇది వయొలిన్ టీచర్లకీ, పాట నేర్పేవాళ్ళకీ. ట్యూనర్ చాలావరకు కీబోర్డ్ లెక్కతో ఉంటుంది, అష్టకాన్ని పన్నెండు సమాన భాగాలు చేసి, ఒక్కో భాగాన్ని వంద సెంట్లు చేసి. కానీ ఇద్దరు పిల్లలు కలిసి సి, ఇ వాయిస్తే, చెవికి అతికినట్టు తియ్యగా ఉండే ఇ ఆ కీబోర్డ్ ఇ కంటే దాదాపు 14 సెంట్లు కిందుంటుంది. మంచి చెవి ఉన్న పిల్ల తనంతట తనే అక్కడికి వెళ్తుంది. అప్పుడు తెర ఏమంటుంది? ఎరుపు. తప్పు అంటుంది. బాగా విన్నందుకు ఆ పిల్లకి ఎరుపు! ఇది మనం పట్టుకోకపోతే ఎవరు పట్టుకుంటారు?

ఇక క్లాసురూమ్. ముప్పై మంది ఒకేసారి వాయిస్తుంటే టాబ్లెట్ మైక్ కి ఎవరిదేంటో తెలియదు. పక్కవాడి స్వరం నీ ఖాతాలో పడుతుంది. దీనికి నేను చూసిన మంచి ఉపాయం, వాద్యానికే తగిలించే చిన్న క్లిప్ మైక్, గాల్లో శబ్దం కాకుండా చెక్క అదురుని పట్టుకునేది. వయొలిన్ కీ గిటార్ కీ బాగా పనిచేస్తుంది. కీబోర్డ్ అయితే ఈ గొడవే లేదు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే చాలు. ఇయర్‌ఫోన్స్ అన్నాను కాబట్టి రెండు మాటలు. ఒకటి, వైర్ ఉన్నవే తీసుకోండి. బ్లూటూత్ వి చాలావాటిలో మెట్టు నొక్కాక శబ్దం వినపడటానికి వంద, రెండొందల మిల్లీసెకన్లు కూడా పడుతుంది, అలా అయితే ఎవరూ లయలో వాయించలేరు. రెండు, శబ్దం తగ్గించి ఉంచండి. పిల్లలకి వారానికి నలభై గంటల లెక్కన 75 డెసిబెల్స్ దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. చెవి పోతే మనం నేర్పేదేముంది?

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆ స్టాండ్.

1984 లోనే, ఇంకో రంగంలో, శరీర కదలికలు ఎలా నేర్చుకుంటాం అన్నదాని మీద సాల్మోనీ, ష్మిట్, వాల్టర్ అని ముగ్గురు కలిసి ఒక పెద్ద సమీక్ష రాశారు. అందులో విషయం ఏంటంటే, ప్రతిసారీ వెంటవెంటనే ఫలితం చెప్తూ ఉంటే మనిషి ఆ క్షణంలో బాగా చేస్తాడు, ఫలితం చెప్పడం ఆపేస్తే పడిపోతాడు. దాని మీద ఆనుకుంటాడన్నమాట. తర్వాత 1990 లో విన్‌స్టైన్, ష్మిట్ పరీక్ష పెట్టి చూశారు. ఒక గుంపుకి ప్రతిసారీ ఫలితం చెప్పారు, ఇంకో గుంపుకి సగం సార్లే చెప్పారు. తర్వాత ఏ సాయం లేకుండా చేయమంటే సగం సార్లు విన్నవాళ్ళే బాగా చేశారు. అవి చేత్తో ఒక మీటని కదిలించే పరీక్షలండీ, వయొలిన్ పరీక్షలు కావు, కాబట్టి మక్కీకి మక్కీ మన క్లాసుకి అంటించలేం. కానీ ఆ పాప నోట్‌బుక్ వైపు చూసిన చూపు గుర్తొస్తే, నాకు మాత్రం అది మా క్లాసు సంగతే అనిపించింది.

అప్పటినుంచి మా క్లాసులో ఒకటే మాట. ముందు చెప్పు, తర్వాత చూడు. మళ్ళీ చెప్తున్నా. ముందు చెప్పు, తర్వాత చూడు.

ఎలా చేస్తామంటే, ఎనిమిది బార్ల ముక్క తీసుకుంటాం, బార్ అంటే నోటేషన్ లో రెండు నిలువు గీతల మధ్య ఉండే భాగం, అంతకన్నా ఎక్కువ వద్దు. ఫోన్ రికార్డు చేస్తూ ఉంటుంది, కానీ తెర కింది వైపుకి తిప్పి ఉంటుంది. వాయించడం అయిపోయాక పిల్లాడు పెన్సిల్ తీసుకుని నోటేషన్ కాగితం మీద తనకి ఎక్కడెక్కడ శృతి తప్పిందనిపించిందో చిన్న గీత పెట్టాలి. ఇది ముఖ్యం. గీత పెట్టకుండా చూడనివ్వను. తర్వాత రికార్డింగ్ వింటాం, కావాలంటే గీతలు మార్చుకోవచ్చు. ఆ తర్వాతే తెర తిప్పుతాం. సోనిక్ విజువలైజర్ లాంటి ప్రోగ్రామ్ లో పెడితే శృతి ఒక గీతలా కనిపిస్తుంది, ఉచితమే, లండన్ క్వీన్ మేరీ యూనివర్సిటీ వాళ్ళు చేసింది. మీ యాప్ లోనే అలా చూపించే సదుపాయం ఉంటే అదే వాడండి.

ఇప్పుడు చూడండి ఏమవుతుందో. పిల్లాడు తన తప్పులు లెక్కపెట్టడు. తన పెన్సిల్ గీతలు ఎన్ని సరిపోయాయో లెక్కపెడతాడు. "టీచర్, నేను మూడు పట్టుకున్నా, ఒకటి మిస్సయ్యా!" అంటాడు. తప్పు వాయించినందుకు బాధ లేదు, తప్పుని పట్టుకున్నందుకు సంతోషం. యంత్రం అక్కడ జడ్జి కాదు, వాడి చెవికి వచ్చిన జవాబు సరిచూసుకునే పుస్తకం వెనక పేజీ లాంటిది.

మొదటి వారం ప్రతిసారీ చూస్తాం. తర్వాత మూడుసార్లకి ఒకసారి. ఆ తర్వాత పాఠం చివర్లో ఒక్కసారి. అలా తగ్గిస్తూ వస్తాం. హఠాత్తుగా తీసేయకండి, నేను ఆ పాప విషయంలో హఠాత్తుగా తీసేశాను, రెండు వారాలు తను చాలా ఇబ్బంది పడింది. అది నా పొరపాటు.

ఆ పాపకి ఇంకోటి చూపించాను. ఇదిగో, ఇప్పుడు వాయిస్తాను, ముందు వరస వాళ్ళు దగ్గరికొచ్చి చూడొచ్చు. ఈ వయొలిన్ జి, డి, ఎ, ఇ అని శృతి చేసి ఉంది. డి తీగ మీద మూడో వేలు పెడితే జి వస్తుంది. ఇప్పుడు కొంచెం తప్పుగా పెడతాను. విన్నారా? ఇప్పుడు సరిగ్గా పెడతాను. బో ఆపాక కూడా వినపడుతోంది కదా? చూడండి, నేను ముట్టుకోని ఆ కింది జి తీగ, అది అదురుతోంది. చూడండి, తీగ మసకగా కనిపిస్తోంది. మన స్వరం దాని పై అష్టకం కాబట్టి అది పలుకుతోంది. వెంట్రుకవాసి పక్కకి జరిగితే ఊరుకుంటుంది. ఆ పాప ఇది చూసి ఎంతసేపు ఆడుకుందో! వేలు జరపడం, కింది తీగ వైపు చూడటం. కొన్నాళ్ళకి చూడటం మానేసి వినడం మొదలుపెట్టింది. వాద్యంలోనే ఒక ట్యూనర్ ఉందండీ. అది ముల్లు చూపించదు, శబ్దాన్నే మార్చి చెప్తుంది. యాప్ ని ఈ అనుభవం దాకా తీసుకెళ్ళే మెట్టుగా వాడుకోవాలని నా ఆశ.

లయ దగ్గర కూడా ఇదే కథ. అయితే ఒక చిన్న విషయం. మనుషులు టిక్ తో పాటు వేలితో తట్టమంటే, దాదాపు అందరూ టిక్ కన్నా కొన్ని మిల్లీసెకన్లు, కొందరు కొన్ని పదుల మిల్లీసెకన్లు ముందే తడతారు. పరిశోధకులు ఎన్నో సార్లు చూసిన విషయం ఇది, మనిషి తీరే అంత. కాబట్టి యాప్ "ముందుగా వాయిస్తున్నావు" అని ప్రతిసారీ సతాయిస్తుంటే, ఎంత ముందు అన్నది చూసి అప్పుడు పిల్లాడిని అనండి. లయకి నేను వాడేది ఏంటంటే, మెట్రోనోమ్ యాప్ లలో కొన్ని బార్లు మ్యూట్ చేసే సదుపాయం ఉంటుంది. మూడు బార్లు కొడుతుంది, నాలుగో బార్ మౌనం. ఆ మౌనంలో పిల్లాడు తన లయ తనే పట్టుకోవాలి. మళ్ళీ టిక్ వచ్చినప్పుడు దానితో కలిశాడా లేదా అన్నది వాడికే తెలుస్తుంది, ఎవరూ చెప్పక్కర్లేదు. తర్వాత రెండు బార్ల మౌనం, తర్వాత నాలుగు. పిల్లలకి ఇది భలే ఇష్టం, ఊపిరి బిగపట్టి ఉంటారు.

కీబోర్డ్ క్లాసు గురించి ఒక మాట. 1983 లో మిడి అని వచ్చింది, వాద్యాలూ కంప్యూటర్లూ మాట్లాడుకునే భాష. అది శబ్దం పంపదు, ఏ మెట్టు, ఎప్పుడు, ఎంత వేగంగా నొక్కావో అంకెల్లో పంపుతుంది. ఆ నొక్కిన బలం 127 వరకు ఉంటుంది. ఇప్పుడు పిల్లాడు అయిదు వేళ్ళతో అయిదు స్వరాలు సమానంగా వాయించాననుకుంటాడు. తెరమీద పెడితే బొటనవేలు స్తంభం అందరికన్నా ఎత్తుగా, ఉంగరం వేలు స్తంభం పొట్టిగా. "సమానంగానే వాయించా టీచర్" అన్నవాడు ఒక్కసారి చూస్తాడు, మళ్ళీ వింటాడు, ఈసారి తేడా వినపడుతుంది. నేను నోటితో ఎన్నిసార్లు చెప్పినా వినపడని తేడా అది. ఇలాంటి చోట నేను టెక్నాలజీకి దండం పెడతాను.

మరి యంత్రానికి అందనిది? ఒక బాబు, రికార్డర్ ఊదేవాడు, యాప్ లో అన్నీ పచ్చే. కానీ శబ్దం సన్నగా, భయంగా వస్తోంది. దగ్గరకెళ్ళి చూస్తే ఒక వేలు రంధ్రాన్ని పూర్తిగా మూయట్లేదు, అంచున సందుంది. సందుంటే శృతి పైకి పోతుంది. పిల్లాడు ఏం చేశాడు? ఊపిరి తగ్గించాడు. ఊపిరి తగ్గిస్తే శృతి కిందకి దిగుతుంది. రెండు తప్పులు కలిసి పచ్చ రంగు! యంత్రానికి శృతి ఒక్కటే తెలుసు, అది సరిగ్గానే ఉంది. వేలు సందూ తెలియదు, ఆ పిల్లాడు ఊపిరి బిగపట్టిన సంగతీ తెలియదు. నేను వెళ్ళి వేలు కొంచెం వాల్చాను, "ఇప్పుడు ధైర్యంగా ఊదు నాన్నా" అన్నాను, ఆ గొట్టం మొదటిసారి నిండుగా పలికింది. కెమెరాతో చేతులు గుర్తుపట్టే ప్రోగ్రాములు వచ్చాయి, గూగుల్ వాళ్ళ మీడియాపైప్ ఒక్కో చేతిలో 21 బిందువులు పట్టుకుంటుంది. బో వంకరగా పోతోందా, భుజం పైకి లేస్తోందా అన్నది కెమెరాతో కొంతవరకు చెప్పొచ్చు. బొటనవేలు బో ని ఎంత గట్టిగా పిసుకుతోందో కెమెరాకి కనపడదు. మనం చెయ్యి పట్టుకుంటే తెలుస్తుంది. కాబట్టి యంత్రం పచ్చ అన్నప్పుడే మనం ఎక్కువ జాగ్రత్తగా వినాలి, ఎరుపు అన్నప్పుడు కన్నా.

చెయ్యి కదలని పిల్లల గురించి చెప్పకుండా దిగలేను. సౌండ్‌బీమ్ అని ఒకటి ఉంది, 1980ల చివరినుంచీ ఉంది, మనిషికి వినపడని శబ్ద తరంగాలు పంపి, ఎదురుగా ఏది కదిలినా దాన్ని స్వరాలుగా మారుస్తుంది. తల ఒక్కటే కదిలించగల పిల్ల తలతో వాయిస్తుంది. మేకీ మేకీ అని చిన్న బోర్డు, 2012 లో వచ్చింది, విద్యుత్తు కాస్త పారే ఏ వస్తువైనా మెట్టు అయిపోతుంది, పెద్ద పెద్ద మెట్లు పిల్లల చేతికి తగ్గట్టు మనమే తయారుచేసుకోవచ్చు. ఇన్నాళ్ళూ ఆ పిల్లల్ని ఒక మూల కూర్చోబెట్టి చప్పట్లు కొట్టించాం, చేతికి ఒక గిలక్కాయ ఇచ్చాం. ఇప్పుడు వాళ్ళకీ బృందంలో ఒక భాగం రాయొచ్చు, వాళ్ళు తప్పితే పాట ఆగిపోయేలా రాయొచ్చు. అలా రాయండి. దయచేసి అలా రాయండి. వాళ్ళు లేకపోయినా నడిచిపోయే భాగం ఇవ్వకండి.

ఆన్‌లైన్ క్లాసుల గురించి చాలామంది అడిగారు, క్లుప్తంగా చెప్తాను. మామూలు వీడియో కాల్ లో ఇద్దరు కలిసి వాయించడం కుదరదు, ప్రయత్నించి పిల్లల్ని విసిగించకండి. ఇద్దరి మధ్య ఆలస్యం పాతిక ముప్పై మిల్లీసెకన్లు దాటితే లయ సాగిపోతూ ఉంటుంది. గాల్లో శబ్దం పది మీటర్లు వెళ్ళడానికే 29 మిల్లీసెకన్లు పడుతుంది, పెద్ద బృందంలో ఆ చివర ఈ చివర కూర్చున్నవాళ్ళకే కష్టం, ఇక వీడియో కాల్ సంగతి చెప్పాలా. స్టాన్‌ఫర్డ్ వాళ్ళ జాక్‌ట్రిప్ లాంటివి ఉన్నాయి, మంచి నెట్, వైర్ కనెక్షన్ ఉంటే పనిచేస్తాయి. మామూలు కాల్ వాడితే ఒకటి గుర్తుపెట్టుకోండి. ఆ ప్రోగ్రాములు మాటలు వినడానికి చేసినవి, సాగే స్వరాన్ని ఫ్యాన్ చప్పుడు అనుకుని తుడిచేస్తాయి. సెట్టింగ్స్ లో శబ్దాన్ని ఉన్నది ఉన్నట్టు పంపే ఆప్షన్ ఉంటుంది, అది పెట్టించండి, లేకపోతే పిల్ల బో ఆపేసిందేమో అనుకుని మీరు మందలిస్తారు.

ప్రశ్నలు ఉన్నట్టున్నాయి. అడగండి.

యాప్ ఇచ్చే స్కోరు పరీక్ష మార్కుల్లో కలపొచ్చా అంటున్నారు. వద్దండీ. ఇందాక చెప్పిన 14 సెంట్ల పిల్ల, క్లారినెట్ పిల్లాడు, సందు వేలు బాబు, ముగ్గురినీ గుర్తు తెచ్చుకోండి. ముగ్గురిలో ఒక్కరి గురించైనా ఆ స్కోరు నిజం చెప్పిందా? పైగా మార్కులు ఉన్నాయంటే పిల్లలు తేలిక పాటనే వందసార్లు వాయిస్తారు. మార్కు ఇవ్వాలంటే ఆ పెన్సిల్ గీతలకి ఇవ్వండి, ఎన్ని సరిగ్గా పట్టుకున్నారని. నేను అదే చేస్తున్నాను.

అమ్మా, మీరు? ఆ, రికార్డింగులు. పిల్లల వీడియోలు అనవసరంగా తీయకండి, ఆడియో చాలు. స్కూలు మెషీన్ లో ఉంచండి, పాఠం అయ్యాక వాళ్ళకి కావాల్సింది ఒకటి ఉంచి మిగతావి తీసేయండి. తల్లిదండ్రుల అనుమతి ముందే తీసుకోండి.

వెనక ఎవరో అడుగుతున్నారు. ఇంట్లో ఫోన్ దొరకని పిల్లల సంగతేంటి? మంచి ప్రశ్న, నేనే ముందు చెప్పాల్సింది. ఇంటిపనిగా యాప్ ఇచ్చామంటే ఫోన్ లేని పిల్లాడు మొదటిరోజే వెనకబడ్డాడు. అందుకే మేము మ్యూజిక్ రూమ్ లో ఒక మూల పాత ఫోన్ ఒకటి పెట్టాం. సిమ్ లేదు, నెట్ లేదు, శబ్దం రికార్డు చేసే యాప్ ఒక్కటే. పక్కన పెన్సిల్, నోటేషన్ కాగితాలు. పొద్దున్న బెల్ కి ముందో, మధ్యాహ్నమో వచ్చి ఎనిమిది బార్లు వాయించి, గీతలు పెట్టి, విని వెళ్ళాలి. అయిదు నిమిషాలు చాలు. మా పద్ధతికి ఇంట్లో యాప్ అక్కర్లేదు, చూడాల్సింది ఎలాగూ చివర్లో ఒక్కసారే కదా, ఆ ఒక్కసారి క్లాసులో చూస్తాం.

ఆ మూలకి ఇప్పుడు అందరికన్నా ముందొచ్చేది ఆ పాపే. మొన్న కాగితాలు సర్దుతుంటే తను పెట్టిన గీత ఒకటి కనిపించింది, పక్కన చిన్న అక్షరాలతో "ఇక్కడ జి తీగ పలకలేదు" అని రాసుకుంది.